కదలని కారు – కారణాన్వేషణ

‘బండి స్టార్టు అయితలేదు’ అని మన ప్రాంతములో అనే మాటలో కనీసము మూడు వేరువేరు సంగతులు ఇమిడి ఉన్నవి. తాళపుచెవి త్రిప్పినప్పుడు ఇంజను అసలే కదలకపోవుట ఒకటి. సెల్ఫు ఇంజనును త్రిప్పుచున్నను అది అందుకొనకపోవుట రెండవది. అందుకొని, రెండు క్షణములు నడచి, ఆగిపోవుట మూడవది. ఈ మూడింటికి కారణములు వేరు, చికిత్సలు వేరు. అయినను కారు యజమాని మెకానిక్కునకు చెప్పేది ఒకే వాక్యము. ఆ వాక్యము విని ఒకరు ‘బ్యాటరీ పోయింది’ అంటారు. మరొకరు ‘సెల్ఫు ఖరాబైంది’ అంటారు. వేలు ఖర్చు చేసి క్రొత్త బ్యాటరీ తెస్తారు. కారు మాత్రము ఉన్నచోటనే ఉంటుంది.

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల పట్టణములలో ఇది చిన్న విషయము కాదు. అర్ధరాత్రి రోగిని కరీంనగరుకో, హైదరాబాదుకో తీసికొని పోవలసి వచ్చినప్పుడు వాకిట నిలిచిన కారు కదలకపోతే దాని మూల్యము రూపాయలలో లెక్కకు రాదు. కిరాయికి త్రిప్పే కారే ఆధారముగా బ్రతికే కుటుంబములు ఉన్నవి. మన విద్యార్థులలో అన్నయో, మేనమామయో గ్యారేజీలో పని చేయనివారు తక్కువ. గల్ఫు దేశములకు డ్రైవర్లుగా, మెకానిక్కులుగా వెళ్ళినవారు ఈ మూడు పట్టణముల చుట్టుప్రక్కల గ్రామములలో ఎందరో. అందుచేత ఈ పాఠమును మేము కేవలము కుతూహలము కొరకు ఎన్నుకొనలేదు. గ్యారేజీలలో ఉస్తాదుల నోట విన్నదానిని, తరగతి గదిలో భౌతికశాస్త్రపు పుస్తకములో చదివినదానిని ప్రక్కప్రక్కన పెట్టి చూచినాము. రెండును ఒకటే అని తేలినది. ఎట్లు ఒకటో చూపుటయే ఈ వ్యాసము యొక్క పని.

ముందుగా ఇంజనుకు కావలసినవి ఏవో చెప్పుకొందాము. పెట్రోలు ఇంజనులో గాలియు, పెట్రోలు ఆవిరియు తగు పాళ్ళలో కలిసి సిలిండరులో ప్రవేశించవలెను. పిస్టను దానిని గట్టిగా నొక్కవలెను. నొక్కిన మిశ్రమమును సరియైన క్షణములో ఒక నిప్పురవ్వ మండించవలెను. కాని ఇంజను తనంతట తాను మొదటి చుట్టు తిరుగలేదు. దానిని ఎవరైనా త్రిప్పవలెను. పూర్వము ముందు బంపరు సందులో నుండి ఇనుప హ్యాండిలు దూర్చి చేతితో త్రిప్పేవారు. హ్యాండిలు వెనుకకు తన్ని మణికట్టు విరిగిన సందర్భములు ఆ రోజులలో సామాన్యము. అమెరికాలో చార్లెస్ కెట్టరింగ్ రూపొందించిన విద్యుత్ స్టార్టరు 1912 నమూనా క్యాడిలాక్ కార్లలో అమరిన తర్వాత ఆ బాధ క్రమముగా తొలగినది. ‘సెల్ఫ్ స్టార్టరు’ అన్న ఆ పేరులో మొదటి సగమును మనవాళ్ళు ఉంచుకొని, రెండవ సగమును వదలివేసినారు. కనుకనే మన గ్యారేజీలలో అది ‘సెల్ఫు’.

త్రిప్పుట, ఇంధనము, నిప్పురవ్వ, నొక్కిడి – ఈ నాలుగింటిలో ఏది లోపించినను కారు కదలదు. సిరిసిల్లలో మరమగ్గమును ‘సాంచ’ అంటారు. నడుస్తున్న సాంచ ఆగినప్పుడు కార్మికుడు సాంచను విప్పి కూర్చొనడు. మొదట పోగు తెగినదా అని చూస్తాడు. కారు విషయములో కూడ అదే వరుస కావలెను. ఒక్కొక్క ప్రశ్న వేసి, సగము కారణములను ఒక్కసారిగా తీసివేయవలెను. మొదటి ప్రశ్న – సెల్ఫు ఇంజనును త్రిప్పుతున్నదా, లేదా?

ఈ ప్రశ్నకు జవాబు చెవి చెబుతుంది. యూనానీ హకీము ‘నబ్జ్’ చూచినట్లు మంచి ఉస్తాదు తాళపుచెవి త్రిప్పించి శబ్దము వింటాడు. ‘టకటకటక’ అని వేగముగా కొట్టుకొన్నచో సెల్ఫుకు చాలినంత విద్యుత్తు అందుట లేదు. ‘ఠక్’ అని ఒకేఒక్క బరువైన దెబ్బ వినబడి ఊరకున్నచో సెల్ఫు లోపలి భాగములో గాని, దానికి పోయే పెద్ద తీగలో గాని, అరుదుగా ఇంజను బిగిసిపోవుటలో గాని దోషము ఉన్నది. ‘కుయ్… కుయ్…’ అని బరువుగా, నిద్రలో కదలినట్లు తిరిగినచో బ్యాటరీ నీరసించినది, లేక తీగల కీళ్ళు చెడినవి. ‘గిర్ర్’ అని సెల్ఫు ఒక్కటే తిరిగి ఇంజను కదలనిచో సెల్ఫు పండ్లచక్రము ఇంజను చక్రమును పట్టుకొనుట లేదు. ఏ శబ్దమూ లేనిచో తాళపు స్విచ్చి, రిలే, ఫ్యూజు వైపు చూడవలెను. కొన్ని కార్లలో క్లచ్చి పెడలు పూర్తిగా నొక్కనిదే సెల్ఫు పలుకదు. ఆటోమేటిక్ గేరు కార్లలో గేరు ‘పి’ లేక ‘ఎన్’ స్థానములో లేనిదే పలుకదు. చిన్న విషయమే, కాని దీని కొరకు కారును లారీకి కట్టి లాగించుకొని పోయినవారు ఉన్నారు.

చెవి తర్వాత కన్ను. ముందు దీపములు వెలిగించి తాళపుచెవి త్రిప్పవలెను. దీపములు ఏ మాత్రము తగ్గక ప్రకాశించుచుండగా సెల్ఫు మౌనముగా ఉన్నచో విద్యుత్తు సెల్ఫు దాక పోవుటయే లేదు. దోషము స్విచ్చి వైపున ఉన్నది. దీపములు దాదాపు ఆరిపోయినట్లు మసకబారినచో విద్యుత్తు పోవ ప్రయత్నించుచున్నది, కాని చాలుట లేదు. దోషము బ్యాటరీలోనో, దాని కీళ్ళలోనో, సెల్ఫులోనో ఉన్నది. ఒక్క నిమిషపు పరీక్ష, పైసా ఖర్చు లేదు.

ఇక ఇక్కడ చాలమంది చెప్పే ఒక మాటను పరిశీలింపవలసి ఉన్నది. ‘హారను మ్రోగుతున్నది, దీపము వెలుగుతున్నది, కనుక కరెంటు బాగానే ఉన్నది, సెల్ఫే ఖరాబైంది.’ ఈ వాదము వినుటకు సమంజసముగానే ఉన్నది. కాని ఓమ్ నియమము చదివిన విద్యార్థి దీనిని అంగీకరింపరాదు.

బ్యాటరీ గూటముపై బిగించే క్లాంపు వదులై, తెల్లగానో పచ్చగానో చిలుము పట్టినదనుకొందాము. అచ్చట 0.04 ఓము నిరోధము ఏర్పడినది. చేతికి తెలియనంత స్వల్పము. హారను సుమారు 4 ఆంపియర్లు తీసికొంటుంది. నాలుగును 0.04తో గుణించినచో 0.16 వోల్టు. అనగా 12 వోల్టులలో కాస్త తరుగు. హారను నిక్షేపముగా మ్రోగుతుంది. ముందు దీపములు రెండును కలిసి సుమారు 10 ఆంపియర్లు తీసికొంటవి; నష్టము 0.4 వోల్టు, కంటికి తేడా కనబడదు. కాని చిన్న కారు సెల్ఫునకే 100 మొదలు 200 ఆంపియర్ల వరకు కావలెను. 150 అనుకొందాము. 150ని 0.04తో గుణించినచో 6 వోల్టులు! బ్యాటరీ ఇచ్చే దానిలో సగము ఆ చిలుములోనే కాలిపోవలెను. వాస్తవములో వోల్టేజి తగ్గగానే ప్రవాహము కూడ తగ్గుతుంది గనుక సంఖ్యలు కొంత మారుతవి, ఫలితము మారదు. సెల్ఫు ‘టక్’ మని ఊరకుంటుంది. బ్యాటరీ మంచిదే, సెల్ఫు మంచిదే. మధ్యనున్న వ్రేలెడు కీలు చెడినది.

తరగతిలో మన ఉర్దూ మాధ్యమపు మిత్రులు దీనినే ‘బర్కీ రౌ’ అనీ, ‘ముజాహిమత్’ అనీ చదువుతారు. తెలుగువారము ‘విద్యుత్ ప్రవాహము’, ‘నిరోధము’ అని చదువుతాము. పరీక్షలో సూత్రము వ్రాసి మార్కులు తెచ్చుకొంటాము. కాని హారను మ్రోగుచుండగా సెల్ఫు ఏల తిరుగదో చెప్పుమంటే తలలు దించుకొంటాము. గ్యారేజీలోని షాగిర్దునకు సూత్రము తెలియదు. కాని సెల్ఫు కొట్టించిన వెంటనే క్లాంపు మీద చేయి వేసి చూస్తాడు. వేడిగా ఉంటే ‘ఇక్కడనే ఉన్నది’ అంటాడు. 6 వోల్టులు, 150 ఆంపియర్లు అంటే 900 వాట్లు. ఇస్త్రీ పెట్టె అంతటి వేడి ఒక చిన్న కీలులో పుట్టుచున్నది గదా! అతని అరచేయి చేసిన పని మన సూత్రము చేసిన పనియే. అతనికి సూత్రము, మనకు ఆ చేయి – రెండును ఒకచోట చేరవలెనని మా ఆకాంక్ష.

చేతికంటె మేలైన పరికరము వోల్టుమీటరు. నేడు కొద్ది వందల రూపాయలకే దొరుకుతున్నది. కారు కొన్ని గంటలు ఊరక నిలిచి ఉన్న పిమ్మట బ్యాటరీ గూటముల మధ్య కొలిచినచో 12.6 వోల్టులు చూపవలెను. అది పూర్తిగా నిండిన బ్యాటరీ. అందు ఆరు గదులు ఉన్నవి. ఒక్కొక్క గదికి 2.1 వోల్టులు. 12.4 చూపినచో సుమారు ముప్పాతిక భాగము, 12.2 చూపినచో సగము, 12.0 చూపినచో పావు భాగము మాత్రమే మిగిలినట్లు. పన్నెండు వోల్టుల బ్యాటరీ పన్నెండు వోల్టులు చూపుతున్నది గదా అని సంతోషించేవారికి ఈ సంగతి తెలియదు. ఆపై సెల్ఫు కొట్టునప్పుడు కూడ కొలువవలెను, సుమారు 9.6 వోల్టులకు తగ్గకుండ నిలిచినచో బ్యాటరీకి సత్తువ ఉన్నది. అప్పుడు మీటరు ముల్లు ఒకటి గూటము మీద, రెండవది అదే గూటమును పట్టిన క్లాంపు మీద ఉంచి సెల్ఫు కొట్టించవలెను. మంచి కీలులో దాదాపు సున్న చూపవలెను. అర వోల్టో, ఒక వోల్టో చూపినచో దొంగ దొరికినట్లే. ఇంజను నుండి కారు శరీరమునకు పోయే భూమి తీగను కూడ ఇదే విధముగా పరీక్షింపవలెను. దానిని చాలమంది మరచిపోతారు.

చిలుమును తొలగించుటకు మొదట ఋణ గూటపు క్లాంపును, తర్వాత ధన గూటపు క్లాంపును విప్పి, వేడి నీటిలో వంటసోడా కలిపి పోసి, తోమి, ఆరబెట్టి, బిగించునప్పుడు ధనమును ముందు, ఋణమును చివర బిగించవలెను. ఈ వరుస ఆచారము కాదు. ఋణ గూటము కారు శరీరమునకు కలిసి ఉండగా ధన గూటముపై పానా త్రిప్పినచో, ఆ పానా ఎచ్చటనైనా శరీరమునకు తగిలి భగ్గున మెరుపు పుడుతుంది. ఉంగరము, లోహపు గడియారము తీసివేసి పని చేయవలెను.

మన ప్రాంతములో బ్యాటరీలు త్వరగా చెడుటకు ప్రధాన కారణము ఎండ. చలిదేశములలో చలికాలమున కారు కదలదని విని, చలియే బ్యాటరీకి శత్రువని అనుకొంటారు. చలిలో బలహీనత బయటపడుతుంది, నిజమే. కాని ఆ బలహీనతను పుట్టించేది వేడిమి. మే నెలలో జగిత్యాలలో వేడిమి 45 డిగ్రీలను సమీపించుట, దాటుట కూడ ఉన్నది. ఇంజను అర లోపల అంతకంటె ఎక్కువ. ఆ వేడిమికి బ్యాటరీ లోపలి రసాయన చర్యలు వేగిరపడి, పలకలు తినివేయబడి, నీరు ఆవిరి అవుతుంది. నీరు పోయుటకు వీలున్న బ్యాటరీలలో స్వేదనజలము మాత్రమే పోయవలెను. బోరు నీటిలోని లవణములు పలకలను పాడుచేస్తవి. ఆమ్లము పోసి ‘బలము’ తెచ్చుట మరింత అవివేకము.

ఇక కోరుట్ల, జగిత్యాల, సిరిసిల్ల పరిసరములకు ప్రత్యేకమైన ఒక సమస్యను చెప్పవలసి ఉన్నది. గల్ఫు నుండి సెలవుకు వచ్చినవారు కారు కొంటారు; సెలవు తీరగానే దానిని వాకిట పందిరి క్రింద నిలిపి, గుడ్డ కప్పి వెళ్ళిపోతారు. మరల రెండేండ్లకు వచ్చి తాళపుచెవి త్రిప్పుతారు. ఆ కారు ఊరక నిలిచినదని మనము అనుకొంటాము. బ్యాటరీ మాత్రము ఊరక లేదు. గడియారము, తాళపు రక్షణ, కంప్యూటరు జ్ఞాపకశక్తి మొదలగునవి ఎల్లప్పుడూ కొద్దికొద్దిగా విద్యుత్తు తీసికొంటూ ఉంటవి. 30 మిల్లీ ఆంపియర్లు అనుకొన్నచో రోజుకు 0.72 ఆంపియర్-గంట. 35 ఆంపియర్-గంటల చిన్న బ్యాటరీ సుమారు 48 రోజులలో పూర్తిగా ఖాళీ అవుతుంది. సగము ఖాళీ అగుసరికే సెల్ఫు కష్టముగా తిరుగుతుంది గనుక నెల రోజులు గడచిన కారును కూడ నమ్మలేము. ఖాళీ అయి నెలల తరబడి పడియున్న బ్యాటరీలో సీసపు సల్ఫేటు గట్టి స్ఫటికములుగా పేరుకొని, తిరిగి చార్జి చేసినను కోలుకొనదు. వెళ్ళే ముందు ఋణ క్లాంపు విప్పి ఉంచినచో ఈ నష్టము చాలవరకు తప్పుతుంది. ఇంటి వద్దనున్నవారు అప్పుడప్పుడు చార్జరు పెట్టినచో ఇంకను మంచిది.

అట్టి కారును మరల కదల్చునప్పుడు తొందర తగదు. క్రొత్త బ్యాటరీ వేయగానే సెల్ఫు కొట్టరాదు. ముందు ఇంజను నూనె, చల్లబరచే నీరు చూడవలెను. గాలి వడపోత డబ్బా విప్పి చూచినచో కొన్నిసార్లు అందులో ఎలుకల గూడు కనబడుతుంది! వరి, మక్కజొన్న నిలువచేసే ఇండ్లలో ఎలుకలకు కొదువ లేదు. అవి తీగల పైపూతను కొరుకుతవి. ఒక్క సన్నని తీగ తెగినచో ఇంజెక్షను కారు మొత్తము మూగపోతుంది. తొట్టిలోని పాత పెట్రోలు సంగతి వేరు. తేలికగా ఆవిరయ్యే భాగము ఎగిరిపోయి, మిగిలినది జిగురుగా మారుతుంది. నేటి పెట్రోలులో ఇథనాలు కలిసి ఉన్నది. అది తేమను పీల్చుకొంటుంది, నీరు ఎక్కువైనచో పెట్రోలు నుండి విడివడి అడుగునకు చేరుతుంది. పంపు మొట్టమొదట పీల్చేది ఆ అడుగునే. పాతది తీయించి క్రొత్తది పోయించుట ఉత్తమము.

దారిలో బ్యాటరీ నీరసించినచో మరొక కారు నుండి తీగలు కలిపి స్టార్టు చేయుట అందరికిని తెలిసిన ఉపాయమే. దాని వరుస మాత్రము కొందరికే తెలుసు. ఎర్ర తీగ ఒక కొనను నీరసించిన బ్యాటరీ ధన గూటమునకు, రెండవ కొనను మంచి బ్యాటరీ ధన గూటమునకు కలుపవలెను. తర్వాత నల్ల తీగ ఒక కొనను మంచి బ్యాటరీ ఋణ గూటమునకు కలిపి, చివరి కొనను కదలని కారు ఇంజనుపై, బ్యాటరీకి దూరముగా, రంగు లేని ఇనుప భాగమునకు కలుపవలెను. చివరి కీలు వద్ద చిన్న మెరుపు తప్పదు. బ్యాటరీ నుండి హైడ్రోజను వాయువు వెలువడుతూ ఉంటుంది. గాలిలో అది నూటికి నాలుగు పాళ్ళు ఉన్నచో చాలు, మెరుపు తగిలి ప్రేలుతుంది. ప్రేలినచో ఆమ్లము ముఖముపై పడుతుంది. కంటిలో పడినచో పావుగంటకు తక్కువ కాకుండ ధారగా నీటితో కడిగి, వెంటనే ఆసుపత్రికి పోవలెను. బ్యాటరీ దగ్గర బీడీ వద్దని వేరుగా చెప్పనవసరము లేదనుకొంటాము, కాని చెప్పుచున్నాము. మరియొక హెచ్చరిక – నిజామాబాదు నుండి కోరుట్ల, జగిత్యాల మీదుగా మంచిర్యాలకు పోయే 63వ జాతీయ రహదారిపై సహాయము చేయుటకు ఆగేవారు తరచు లారీ డ్రైవర్లే. వారి మంచితనము గొప్పది. కాని చాల లారీలలో 24 వోల్టులు ఉంటవి. వాటిని 12 వోల్టుల కారుకు కలిపినచో కారులోని కంప్యూటరు, దీపములు ఒక్క క్షణములో కాలిపోతవి.

తోసి స్టార్టు చేయుట పాత పద్ధతి. మామూలు గేరు కారులో తాళపుచెవి ‘ఆన్’లో ఉంచి, రెండవ గేరు వేసి, క్లచ్చి నొక్కి, కారు వేగము అందుకొన్న తర్వాత వదలవలెను. ఆటోమేటిక్ గేరు కారులో ఇది కుదరదు. ఇంజెక్షను కారులో పంపునకు, కంప్యూటరునకు కొంత విద్యుత్తు కావలెను గనుక బ్యాటరీ పూర్తిగా చచ్చినచో ఎంత తోసినను నిష్ఫలము. తోయునప్పుడు బ్రేకు బరువుగా ఉంటుందని నడిపేవాడు ఎరిగి ఉండవలెను. తాళపుచెవి బయటకు తీసినచో స్టీరింగు బిగుసుకొంటుంది.

ఇప్పుడు రెండవ రోగము. సెల్ఫు చురుకుగా తిరుగుచున్నది, ఇంజను అందుకొనుట లేదు. దీనిలో బ్యాటరీని నిందించుట వృథా. ఇంధనమా, నిప్పురవ్వా అన్నదే ప్రశ్న. పది సెకండ్లకు మించి సెల్ఫు కొట్టరాదు. అర నిమిషమైనా విశ్రాంతి ఇచ్చి మరల కొట్టవలెను. విసుగుతో అదేపనిగా కొట్టేవారు ఒక రోగమునకు రెండు రోగములు చేసికొంటారు.

ఇంజెక్షను కారులో తాళపుచెవి ‘ఆన్’ చేయగానే వెనుక సీటు వైపు నుండి రెండు సెకండ్లు సన్నని ‘గుంయ్’ శబ్దము రావలెను. అది తొట్టిలోని పెట్రోలు పంపు. సంత రోడ్డు మీద ఇది వినబడదు. కిటికీలు మూసి చెవి పెట్టవలెను. శబ్దము లేనిచో ముందు ఫ్యూజు, తర్వాత రిలే చూడవలెను. చాల కార్లలో హారను రిలేయు, పంపు రిలేయు ఒకే రకము. రెండును ఒకే సంఖ్య గలవైనచో ఒకదాని స్థానములో ఒకటి మార్చి చూచుట గ్యారేజీలలోని చక్కని పద్ధతి. హారను మూగపోయి కారు పలికినచో రిలే చెడినదన్నమాట. ఇక ఇంధనపు ముల్లును నమ్మి మోసపోయినవారు లెక్కలేనంతమంది. రెండు లీటర్లు పోసి చూచుట అవమానము కాదు.

పంపు పలికినచో స్పార్కు ప్లగ్గు విప్పి చూడవలెను. ప్లగ్గు పెట్రోలుతో తడిసి ఉన్నచో ఇంధనము వస్తున్నది, నిప్పురవ్వ లేదు. పొడిగా ఉన్నచో ఇంధనము రావడము లేదు. ఒక్క ప్లగ్గు ఇంత స్పష్టముగా సాక్ష్యము చెబుతుంది! నిప్పురవ్వను చూచుటకు తీగను చేత పట్టుకొనుట పాత ఉస్తాదుల సాహసము. నేటి కార్లలో అచ్చట ఇరవై వేల వోల్టులకు మించి ఉండవచ్చును. స్పార్కు టెస్టరు అను చిన్న పరికరముతోనే చూడవలెను. ఆ పరీక్ష చేయుటకు ముందు పంపు ఫ్యూజు తీసివేయవలెను. విప్పిన ప్లగ్గు రంధ్రము నుండి చిమ్మే పెట్రోలుకు మెరుపు తగిలినచో ఇల్లు కూడ మిగలదు. కార్బ్యురేటరు నోటిలో సీసాతో పెట్రోలు పోయుచు సెల్ఫు కొట్టించుట కూడ మానుకొనవలసిన అలవాటు.

పెట్రోలు ఎక్కువై ప్లగ్గులు తడిసిపోయినచో చాల ఇంజెక్షను కార్లలో ఒక ఉపాయము ఉన్నది. ఆక్సిలరేటరును నేలదాక నొక్కి ఉంచి సెల్ఫు కొట్టినచో కంప్యూటరు పెట్రోలును ఆపి గాలిని మాత్రమే పంపుతుంది, సిలిండర్లు ఆరుతవి.

1958 నుండి 2014 వరకు తయారైన అంబాసిడరు, దానికి తోడుగా మన రోడ్లపై తిరిగిన పద్మిని ఇంకను కొందరి ఇండ్లలో భద్రముగా ఉన్నవి. వాటి రోగములు వేరు. డిస్ట్రిబ్యూటరు లోపలి పాయింట్ల మధ్య సుమారు 0.4 మిల్లీమీటరు సందు ఉండవలెను. పాయింట్లు మాడినచో సన్నని ఉప్పుకాగితముతో రుద్దవలెను. వానకాలములో డిస్ట్రిబ్యూటరు మూత లోపల తేమ చేరినచో పొడిగుడ్డతో తుడిచిన చాలు. ఎండకాలములో ఇంకొక వింత. నడచివచ్చిన కారును మధ్యాహ్నము అరగంట ఆపి మరల కొట్టినచో అందుకొనదు. ఇంజను వేడికి సన్న గొట్టములో పెట్రోలు ఆవిరియై బుడగ కట్టుతుంది. పంపు ఆ బుడగనే నొక్కుచూ ఉంటుంది గాని పెట్రోలును తోయలేదు. డ్రైవర్లు పంపునకు తడిగుడ్డ చుట్టి, కాసేపు చెట్టు నీడన కూర్చొని, మరల కొట్టేవారు. తెలియనివారు దీనిని మంత్రమనుకొన్నారు. ఆవిరిని చల్లార్చి ద్రవము చేయుటయే అది. పదవ తరగతి పాఠము.

క్రొత్త కార్లలో పాతవారు ఎరుగని రోగము ఒకటి ఉన్నది. తాళపుచెవి పిడిలో ఒక చిన్న చిప్పు ఉంటుంది. దానిని కారు గుర్తుపట్టనిచో సెల్ఫు తిరిగినను ఇంజను అందుకొనదు, లేదా అందుకొని వెంటనే ఆగుతుంది. అప్పుడు మీటర్ల పలకపై తాళపుచెవి బొమ్మ గల దీపము మిణుకుమంటుంది. ఇంట్లోని రెండవ తాళపుచెవితో ప్రయత్నించవలెను. అది పలికినచో మెకానిక్కుతో పని లేదు. దొంగల కొరకు పెట్టిన కాపలా యజమానినే ఆపుచున్నదన్నమాట.

సెల్ఫు కొట్టినప్పుడు ఇంజను ఎప్పటికంటె తేలికగా, లయ లేకుండ, గాలిలో తిరిగినట్లు తిరిగినచో వెంటనే ఆపవలెను. టైమింగు బెల్టు తెగి ఉండవచ్చును. నొక్కిడి పోయినందుననే ఆ తేలికదనము. ఇంకను కొట్టినచో కొన్ని ఇంజనులలో పిస్టన్లు వాల్వులకు తగిలి అవి వంగుతవి.

డీజిలు బండ్లలో నిప్పురవ్వ లేదు. గట్టి నొక్కిడి వేడిమికే డీజిలు మండుతుంది. అందుచేత అచ్చట ప్రశ్నలు తక్కువ. తొట్టి ఖాళీ అగువరకు నడిపినచో గొట్టములలో గాలి చేరుతుంది. చేతిపంపు ఉన్న బండ్లలో దానిని నొక్కి, బోల్టు వదులు చేసి, బుడగలు పోయి డీజిలు ధారగా వచ్చువరకు గాలి తీయవలెను. ట్రాక్టరు నడిపే ప్రతి రైతుకు ఇది తెలిసినదే. చలికాలపు తెల్లవారుజామున గ్లో ప్లగ్గు దీపము ఆరిన తర్వాతనే సెల్ఫు కొట్టవలెను.

మూడవ రోగము, అందుకొని ఆగిపోవుట, పైన చెప్పినవానిలోనే చాలవరకు ఇమిడి ఉన్నది. తాళపు చిప్పు, మూసుకొనిపోయిన పెట్రోలు వడపోత, మసిపట్టిన థ్రాటిలు – వీనిని వరుసగా చూడవలెను. ఏ పరీక్షకైనా ఇంజను నడిపించవలసి వచ్చినప్పుడు కారును మూసిన షెడ్డులో ఉంచరాదు. పొగలోని కార్బను మోనాక్సైడునకు వాసన లేదు, రంగు లేదు. మత్తుగా నిద్రలోనే ప్రాణము తీస్తుంది.

కళాశాల పాలక సంఘము వారికి ఇచ్చట ఒక విన్నపము. మన భౌతికశాస్త్ర ప్రయోగశాలలో ఓమ్ నియమమును చిన్న ఘటముతో, సన్నని తీగతో నిరూపించుచున్నాము. పాత సామాను బజారులో ఒక సెల్ఫు మోటారు, ఒక వాడిన కారు బ్యాటరీ, చిలుము పట్టిన క్లాంపు ఒకటి, మంచిది ఒకటి కొనుటకు పెద్ద ఖర్చు కాదు. సెల్ఫును బల్లకు గట్టిగా బిగించి, అధ్యాపకుని ఎదుట, రెండు క్లాంపులతోను కొలిచి చూపినచో నిరోధమన్న మాటను ఏ విద్యార్థియు జన్మలో మరువడు. వీలైనచో పట్టణములోని అనుభవము గల ఉస్తాదును ఒక పూట పిలువవలెను. ఆయన ఉర్దూలో చెప్పును, అధ్యాపకుడు తెలుగులో చెప్పును. కొలత మాత్రము ఇద్దరిదీ ఒకటే.

ఇంత చూచిన తర్వాతను కారు కదలనిచో మెకానిక్కును పిలువవలసినదే. కాని ‘స్టార్టు అయితలేదు’ అని మాత్రము చెప్పి ఫోను పెట్టివేయరాదు. సెల్ఫు తిరిగినదా, ఏ శబ్దము వచ్చినది, ముందు దీపములు మసకబారినవా, బ్యాటరీ వోల్టులు ఊరక ఉన్నప్పుడు ఎన్ని, సెల్ఫు కొట్టునప్పుడు ఎన్ని, పంపు పలికినదా, తాళపు బొమ్మ దీపము మిణుకుమన్నదా, కారు ఎన్ని రోజులుగా నిలిచి ఉన్నది – ఇవి వరుసగా చెప్పవలెను. అప్పుడు పల్లెకు బయలుదేరే ఉస్తాదు తన సంచిలో క్లాంపులు వేసుకొనవలెనా, రిలే వేసుకొనవలెనా, లేక పెట్రోలు పంపే తెచ్చుకొనవలెనా అన్నది గ్యారేజీ గడప దాటకముందే తేల్చుకొంటాడు.